జంక్షన్లో నాయకుడికి నైవేద్యం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు, ఆ సంగతి మా ఊరందరికీ తెలుసు. మా పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ తరతరాలుగా గుడి కొలువు చేసినవాళ్ళు. ఇంట్లో ‘ఏమిటండీ’ అనాలి, ‘చెప్పండి’ అనాలి. కోపం వస్తే మాత్రం నాకు వీధి మాటే వస్తుంది. ఏటి, సెప్పు, సూడు అన్నీ తోసుకుని వచ్చేస్తాయి. ఇది రాస్తున్నప్పుడు కూడా కోపంగానే ఉన్నాను. సర్దుకుని చదువుకోండి.

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే దారిలో ఉంది మా ఊరు. అక్కడి రాముడి గుడికి మా ఆయన అర్చకులు. మెత్తటి మనిషి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, మా ఇంట్లో పూజారి అడిగినవాళ్ళందరికీ ఇచ్చేస్తాడు, అడ్డం పడేది నేనే. ఆయనకి ఒక నియమం ఉంది. దేవుడికి నైవేద్యం అయ్యేదాకా నోట్లో మెతుకు వెయ్యరు. పెళ్ళయిన కొత్తలో నాకది ముచ్చటగా ఉండేది. ఆయనకి షుగరు వచ్చాక ముచ్చట పోయి భయం పట్టుకుంది. అందుకే రోజూ తెల్లారేసరికి వంట చేసి గిన్నె చేతిలో పెట్టి గుడికి తోలేసేదాన్ని.

ఆ గుడికి ధర్మకర్త, ఊళ్ళో వర్తక సంఘానికి ప్రెసిడెంటు, రెండూ ఒకడే. బియ్యం మిల్లు ఉంది, కిరాణా హోల్‌సేల్ ఉంది. నేను కాపురానికి వచ్చాక ఆ కుర్చీలో ఇంకొకణ్ణి చూడలేదు. ఎన్నిక వచ్చినప్పుడల్లా ‘నాకొద్దు బాబూ, కుర్రాళ్ళకివ్వండి’ అంటాడు. కుర్రాడెవడైనా నిజమనుకుని నామినేషన్ వేశాడా, మర్నాటి నుంచి వాడి కొట్టుకి సరుకు రాదు. వాడే వచ్చి ‘మీరే ఉండాలి మావా’ అని బతిమాలతాడు. ఈయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరే మీ ఇష్టం అంటాడు. థూ!

ఈయనకి మన దేశాన్ని నిలబెట్టిన పెద్దనాయకుడంటే పిచ్చి. కొట్లో గల్లాపెట్టె మీద ఆయన ఫొటో, మిల్లులో ఫొటో, ఫోను తెరిస్తే ఫొటో. రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో ఆయన పేరు మీద ఒక సూక్తి వచ్చి పడుతుంది. అందులో సగం ఈయన సొంతంగా అల్లినవని నా అనుమానం. నాయకుడంటే ఎలా ఉండాలి, త్యాగమంటే ఏమిటి, నలుగురి మాట ఎలా వినాలి అని మైకు దొరికితే చాలు చెప్తాడు. ఎదురుగా కూర్చున్న నలుగురికీ నోరు విప్పే హక్కు లేదు. చెప్పేవి శ్రీరంగనీతులు. రెండో సగం నేను రాయకూడదు గానీ, మీకు తెలుసు.

అసలు ఆ పెద్దనాయకుడి మీద కూడా నాకు గొప్ప ప్రేమేం లేదు. మా మావగారు కుర్రతనంలో ఆయన్ని ఆమదాలవలస స్టేషన్లో చూశారట. రైలు ఆగింది, ఆయన పెట్టె గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాడు, ఎవరో కాళ్ళు పట్టుకోబోతే కసిరి వెనక్కి జరిగాడు, రైలు కదిలిపోయింది. అంతే. మావగారు ఆ కసురుని వరంలా దాచుకున్నారు. ‘చూశావా తల్లీ, ఆయనకి దండాలు గిట్టవు’ అని మురిసిపోయేవారు. ‘గిట్టకపోతే కిందకి దిగి రావచ్చు కదా మావగారూ, మీరందరూ ఎండలో నిలబడితే ఆయన మెట్టు మీంచి దిగలేదు కదా’ అనేదాన్ని. మావగారు నవ్వేసేవారు. ఆ నాయకుడు గొప్పవాడే. జైళ్ళకెళ్ళాడు, సుఖం వదులుకున్నాడు, ఎవరు కాదన్నారు? కానీ నాయకుడు పైన, మనం కింద, ఆయన చెయ్యి ఊపితే మనం ఇంటికెళ్ళి మనవలకి చెప్పుకోవడం, ఈ అలవాటు ఎక్కడో ఒకచోట మొదలయింది కదా. ఆ అలవాటు మీద పడి బతికేవాడే మా ప్రెసిడెంటు.

సరే, ఆ నాయకుడి విగ్రహం మా జంక్షన్లో పెట్టాలని సంఘం తీర్మానించింది. సంఘం అంటే ఈయనే. సిమెంటు విగ్రహం, బంగారు రంగు, ఎత్తయిన దిమ్మ. అక్కడితో ఆగితే నాకే గొడవా లేదు. ప్రతి జంక్షన్లోనూ ఎవరో ఒకరు వేలు చూపిస్తూ నిలబడే ఉంటారు, కాకులు వాలుతుంటాయి. ఈయన మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, ‘పంతులుగారూ, ఊరికే ముసుగు లాగేస్తే ఏం బాగుంటుంది. దేశానికి దేవుడు ఆయన. ప్రాణప్రతిష్ఠ చేసెయ్యండి’ అన్నాడు.

మా ఆయన కంగారుపడ్డారు. ‘బాబూ, మనుషులకి అలా చెయ్యరు. చేస్తే ఇంక అది బొమ్మ కాదు. రోజూ దీపం పెట్టాలి, నైవేద్యం పెట్టాలి. ఒక్కపూట మానినా దోషం. పూలదండ వేసి దణ్ణం పెట్టేద్దాం, చాలు’ అన్నారు.

‘మీరున్నారు కదా పంతులుగారూ, రోజూ పెడతారు’ అన్నాడు ప్రెసిడెంటు. అడగలేదు చూడండి, చెప్పాడు.

లోపల్నుంచి నేను ‘ఆయన రెండు గుళ్ళు ఎలా చూస్తారండీ, అసలే షుగరు మనిషి’ అన్నాను.

‘దేశసేవమ్మా’ అన్నాడు. మా ఆయన తల వంచుకున్నారు. ధర్మకర్త మాట కాదనడం ఆయన తండ్రి నేర్పలేదు, ఆయనకి రాలేదు.

ప్రతిష్ఠ చూడాలి మీరు. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి అన్నట్టు జంక్షన్ నిండా ఫ్లెక్సీలు, ఒక్కోదాంట్లో నాయకుడి మొహం కంటే ప్రెసిడెంటు మొహం పెద్దది. విగ్రహాన్ని ముందు నీళ్ళలో ఉంచాలి. రంగు పోతుందని శిల్పి ఒప్పుకోలేదు, చిలకరించి ఊరుకున్నారు. తరవాత ధాన్యంలో పడుకోబెట్టాలి. మిల్లు నుంచి బస్తాలొచ్చాయి, ఆ మహానుభావుడు మెడదాకా బియ్యంలో పడుకున్నాడు, తెల్లారి అవే బియ్యం మళ్ళీ బస్తాల్లోకెక్కి కొట్టుకి వెళ్ళిపోయాయి. దేవుడు పడుకున్న బియ్యం పేదలకి పెడతారు ఎక్కడైనా. నేను ఆ మాట అనబోతే మా ఆయన కళ్ళతోనే వద్దన్నారు.

ఇక కళ్ళు తెరిపించడం. విగ్రహానికి మొదటి చూపు పదునుగా ఉంటుందని ఎదురుగా అద్దం పెడతారు, తరవాత ఆవునీ దూడనీ నిలబెడతారు. మనుషులు పక్కకి తప్పుకోవాలి. మా ఆయన సూదితో కంటి గీత దిద్దేసరికి ప్రెసిడెంటు అద్దాన్ని పక్కకి నెట్టి, ఆవుకి అడ్డంగా నిలబడి చేతులు జోడించాడు. ఫొటోగ్రాఫరుతో ముందే మాట్లాడుకున్నాడట. పక్కనే బుట్టలతో కూర్చునే చేపలమ్మిల్లో ఒకామె, ‘ఏటమ్మా పంతులమ్మగోరూ, ఆవుని తోసీసినాడేటి ఆయన?’ అంది. ‘ఆవు ఓటెయ్యదు కదే’ అన్నాను.

మర్నాటి నుంచి మొదలయింది మా ఖర్మ. రాముడికి ఒక గిన్నె, నాయకుడికి ఒక గిన్నె. గుళ్ళో పూజ అయ్యాక మా ఆయన జంక్షన్‌కి నడిచేవారు. దిమ్మ ఎత్తు కాబట్టి ఇనప నిచ్చెన. లారీలు, ఆటోలు, హారన్లు. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని ఇంకో చేత్తో గిన్నె ఎత్తి, మంత్రం చెప్పి, గంట కొట్టి దిగేవారు. ఆ తరవాతే ఆయన ఇంటికొచ్చి తినడం. వానొచ్చినా అంతే, ఎండ కాసినా అంతే. వచ్చేసరికి షుగరు పడిపోయి చేతులు వణికేవి, చెమట పట్టేసేది. నోట్లో పంచదార పోసేదాన్ని. ‘ముందు రెండు ముద్దలు తిని వెళ్ళండీ’ అని ఏడ్చాను, తిట్టాను, గిన్నె నేలకేసి కొట్టాను. ‘పిలిచింది నేనే కదే, పిలిచి ఆయన్ని ఆకలితో ఉంచి నేనెలా తిననే’ అనేవారు. ఆయనకి అది సిమెంటు కాదు. ఆయన చేత్తో ఆయన ప్రాణం పోశారు. అది నేను అర్థం చేసుకోలేక కాదు, ఒప్పుకోలేక.

ప్రెసిడెంటు దగ్గరికెళ్ళి ఎవరైనా ఒక మనిషిని సాయానికి పెట్టమన్నాను. ఆ పెద్దమనిషి ‘ఆ మహనీయుడు ఎన్ని కష్టాలు పడ్డాడో చదవండమ్మా’ అని ఒక పుస్తకం చేతికిచ్చాడు. చదివాను కూడా. కోపంతో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. నిచ్చెన ఎక్కే ముసలి అర్చకుడి ప్రస్తావన ఎక్కడా లేదు.

వానాకాలం మొదట్లో నిచ్చెన జారింది. మా ఆయన రోడ్డు మీద పడ్డారు. ఎత్తుకొచ్చింది చేపలమ్మిలూ, ఆటోవాళ్ళూ. తొడ ఎముక విరిగింది. శ్రీకాకుళంలో ఆపరేషన్ చేసి, మంచం దిగొద్దని చెప్పి పంపేశారు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయనకి తెలివి సగమే, నేను స్పూనుతో పోసింది మింగారు. ఇంటికొచ్చి తెలివి తెలిసిన మొదటి పొద్దున్న, ‘జంక్షన్‌కి నైవేద్యం వెళ్ళిందా?’ అని అడిగారు.

వెళ్ళలేదు. మా ఆడపడుచు కొడుకు శ్రీకూర్మం నుంచి వచ్చి రాముడి గుడి చూస్తున్నాడు. వాడూ అర్చకుడే, పెళ్ళాం పిల్లలున్నవాడు. జంక్షన్ మాటెత్తితే చేతులు అడ్డంగా ఊపాడు. ‘అత్తయ్యా, మనిషికి ప్రాణప్రతిష్ఠేమిటి? మావయ్య చేశారు, ఆయన ఇష్టం. నేను మాత్రం నైవేద్యం పెట్టను, పాపం’ అన్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ అర్చకులు కూడా అదే మాట. నేను తీసుకెళ్ళి పెట్టేస్తానంటే మా ఆయన ఒప్పుకోరు, మంత్రోపదేశం ఉన్న చెయ్యి కావాలట.

వెళ్ళలేదని చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నం పెడితే పళ్ళు బిగించారు. పాలు వద్దన్నారు. తులసి నీళ్ళు మాత్రం పుచ్చుకున్నారు. ఆ పూట గడిచింది, ఆ రాత్రి గడిచింది, మర్నాడూ అంతే. ఊళ్ళో డాక్టరు వచ్చి షుగరు చూసి, నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి, ‘ఇలాగే ఉంటే మనిషి దక్కడమ్మా’ అన్నాడు. నాకు పిల్లల్లేరు. ఆ మంచం మీదున్న మనిషి తప్ప నాకెవరూ లేరు.

దీనికి విరుగుడు ఉంది. పిలిచిన ప్రాణాన్ని మర్యాదగా సాగనంపవచ్చు. కలశంలో నీళ్ళలోకి దింపి ఏట్లో కలిపేస్తారు. ఉద్వాసన అంటారు. అయితే ప్రతిష్ఠ చేయించిన కర్త ఊఁ అనాలి. మా ఆయన ఆ మాట నీరసంగా చెప్పిన వెంటనే చెప్పులైనా వేసుకోకుండా ప్రెసిడెంటు కొట్టుకి పరిగెత్తాను.

‘ఊఁ అనండి బాబూ. ఒక్క మాట. మా ఆయన తిండి తింటారు’ అన్నాను. చేతులు జోడించాను. నా జన్మలో నేను జోడించిన చేతులు చాలా తక్కువ.

ఆయన తక్కెడ వైపు చూస్తూ ఆలోచించాడు. ‘నేను తెచ్చినాయన్ని నేనే పంపించేస్తే ఊరేమంటుందమ్మా? తప్పు చేశాననుకోరూ? నాయకుడనేవాడు వెనకడుగు వెయ్యకూడదు. పంతులుగారితో నేను మాట్లాడతాను’ అన్నాడు.

సాయంత్రం వచ్చాడు. ఆపిల్ పళ్ళ బుట్ట, వెనకాల ఇద్దరు మనుషులు, ఒకడి చేతిలో ఫోను. మంచం పక్కన కుర్చీ వేయించుకుని, త్యాగం గురించి, ఓర్పు గురించి కాసేపు మాట్లాడాడు. మా ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తరవాత మెల్లగా, ‘ఆకలేస్తోంది బాబూ’ అన్నారు.

‘అయితే తినండి పంతులుగారూ!’

‘ఆయనకీ ఆకలేస్తుంటుంది కదా బాబూ.’

ప్రెసిడెంటు వెనకనున్నవాళ్ళని చూసి నవ్వాడు. ‘ఎవరికి పంతులుగారూ? అది సిమెంటు బొమ్మ! చిన్నపిల్లాడిలా ఏమిటిది, తినెయ్యండి’ అన్నాడు.

మా ఆయన కళ్ళు తెరిచారు. ప్రెసిడెంటు మొహంలోకి చూశారు. కోపం లేదు. మా ఆయన అంతగా దెబ్బతినగా నేనెప్పుడూ చూడలేదు, రోడ్డు మీద పడ్డనాడు కూడా. ‘ఆ ముక్క ఆనాడు మా అరుగు మీద అంటే సరిపోయేది కదా బాబూ’ అన్నారు. ప్రెసిడెంటుకి అర్థం కాలేదు. ఫోనువాడు ఫొటో తీశాడు. ‘దయచెయ్యండి’ అన్నాను నేను. బుట్ట వాకిట్లోకి విసిరితే ఆపిల్ పళ్ళు కాలవలోకి దొర్లిపోయాయి. పొరుగింటి మేక పండగ చేసుకుంది.

వాళ్ళు వెళ్ళాక ‘అబ్బాయిని పిలవ్వే’ అన్నారు మా ఆయన. మేనల్లుడు వచ్చాడు. ‘కర్తే బొమ్మ అన్నాక ఇంకెవరి అనుమతీ అక్కర్లేదురా. రేపు పొద్దున్నే పంపించేద్దాం’ అన్నారు. ‘అదైతే చేస్తాను మావయ్యా’ అన్నాడు వాడు.

పొద్దున్న పెద్ద ఆటోలో వెనక పరుపు వేసి ఆయన్ని పడుకోబెట్టాం. డాక్టరు కదపొద్దన్నాడు. కదపకపోతే ఆకలితో పోతారు, ఏది నయమో మీరే చెప్పండి. జంక్షన్లో చేపలమ్మిలు బుట్టలు పక్కకి లాగి దారిచ్చారు. నలుగురు ఆడవాళ్ళు నిచ్చెన కాళ్ళు పట్టుకున్నారు. ‘పట్టుకునీ ఉంటాం, నువ్వెక్కు బాబూ, ఏటీ కాదు’ అన్నారు. మేనల్లుడు కలశంతో ఎక్కాడు. ఆటోలోంచి మా ఆయన మంత్రం చెప్తుంటే వాడు పైనుంచి అందుకున్నాడు. వెనక బస్సు హారన్ కొడితే ఒక చేపలమ్మి వెళ్ళి డ్రైవర్ని ఏమందో గానీ మళ్ళీ కొట్టలేదు.

నేను విగ్రహాన్నే చూస్తూ నిలబడ్డాను. లోపల తిట్టుకున్నాను. నీ పేరు చెప్పుకుని నా మనిషిని చంపబోయారయ్యా, నీకు దండాలు గిట్టవన్నారు కదా, మరి ఒక్కసారి కసరలేకపోయావా అని.

చివర్న మా ఆయన రెండు చేతులూ ఎత్తి జోడించారు. మంత్రం కాదు, మామూలు మాటల్లో అన్నారు. ‘బాబూ, నీకిష్టం లేని చోటికి పిలిచాను. ఆకలికి మాడ్చాను. తప్పయిపోయింది. వెళ్ళి రా.’ ఊరి మొత్తానికి తప్పయిపోయిందన్న మాట నేను విన్నది ఆ ఒక్క నోటే. అన్నవాడు తొడ విరిగి ఆటోలో పడుకుని ఉన్నాడు.

కలశం నీళ్ళు వంశధారలో కలిపాం. ఏటిగట్టు మీదే, ఆటోలోనే, పెరుగన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను. నోరు తెరిచారు. ఆయన నములుతుంటే నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ‘ఉప్పు తక్కువైందే’ అన్నారు.

ఊరంతా చూసిందే, ప్రెసిడెంటుకి తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ ఆయన చూడనట్టే ఉండిపోయాడు. గుడి కొలువు తీయించేస్తాడని భయపడ్డాను. తీయిస్తే ఎందుకు తీయించాడో చెప్పాలి కదా, అందుకని ఊరుకున్నాడు.

జెండా పండక్కి మళ్ళీ జంక్షన్లో షామియానా వేశారు. మా ఆయన చేతికర్రతో నడవడం మొదలుపెట్టారు. చూస్తానంటే తీసుకెళ్ళాను, ఒక కొట్టు మెట్టు మీద కూర్చున్నాం. ప్రెసిడెంటు విగ్రహానికి గజమాల వేశాడు. ఆయన ఎక్కడానికి క్రేన్ తెప్పించారు. దిగొచ్చి మైకు పట్టుకున్నాడు. త్యాగం అయింది, నాయకత్వం అయింది, గొంతు పెంచాడు. ‘ఆ మహానుభావుడు ఎక్కడికీ పోలేదు! ఇదిగో, ఇక్కడే, మన మధ్యనే ఉన్నాడు!’ అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

నేను లేచి నిలబడ్డాను. మా ఆయన ఈసారి వద్దన్నట్టు చూడలేదు. చప్పట్లు ఆగేదాకా ఆగి, ఉన్న గొంతంతా పెట్టి అడిగాను.

‘ఉన్నాడా బాబూ? అయితే పొద్దున్న ఆయనకేటి పెట్టినారు?’